గంగులు గారి సమ్మతి

విశ్వవిద్యాలయాలకు గ్రేడులు ఇచ్చే బృందం వేసవి సెలవులు కాగానే వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి వైస్ ఛాన్సలరు గారికి అన్నం సహించడం మానేసింది. గోడలకు రంగులు వేయించారు. ఏనాడూ కదలని లిఫ్టుకి కొత్త అద్దం పెట్టించారు. గ్రంథాలయంలో ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు కట్టించారు. అక్కడికి ఎవరూ వెళ్ళరు కనక ఆ ఉత్తర్వు వెంటనే అమల్లోకి వచ్చింది. అయినా ఏదో లోటు కనిపిస్తూనే ఉంది. పక్క జిల్లా విశ్వవిద్యాలయానికి పోయినసారి అంత మంచి గ్రేడు ఎలా వచ్చిందో కనుక్కురమ్మని ఒక మనిషిని పంపారు. ఆ మనిషి వెళ్ళి, వాళ్ళ క్యాంటీన్లో పెసరట్టు తిని, తిరిగొచ్చి, “వాళ్ళకి ఎథిక్స్ కమిటీ ఉందండి, మనకి లేదు” అని చెప్పాడు. సాయంత్రానికల్లా మనకీ వచ్చేసింది.

కమిటీ అన్నాక అధ్యక్షుడు ఉండాలి. ఎథిక్స్ అనే మాట అంతకుముందు విన్నవాడు ఆ ప్రాంగణం మొత్తానికి జంతుశాస్త్రం ఆచార్యులు సన్యాసిరాజు గారొక్కరే. ఎలుకల మీద ప్రయోగాలు చేసే వాళ్ళకి అనుమతులిచ్చి ఆయనకి అలవాటు. ఎలుకల్ని చూసుకున్నవాడు మనుషుల్ని చూసుకోలేడా అని ఆయన్నే కూర్చోబెట్టారు. కార్యదర్శి డిప్యూటీ రిజిస్ట్రారు వైకుంఠరావు గారు. ఈయన ఏ వాక్యాన్నీ సగంలో వదిలే రకం కాదు. ప్రయోగాలకు అనుమతి తీసుకోండి అని రాస్తే సరిపోయేదానికి, “ఏ శాఖలోనైనను, ఏ జీవి గురించియైనను, ఏ విధమైన పరిశోధనయైనను, సంఘం అనుమతి లేనిదే సమర్పించరాదు, సమర్పించినను స్వీకరించరాదు, స్వీకరించినను చెల్లదు” అని ఉత్తర్వు రాశారు. వైద్యం, జంతుశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అన్నీ దాటుకుని ఆ ఉత్తర్వు తిన్నగా వెళ్ళి తెలుగు శాఖలో త్రివేణి నెత్తిన పడింది.

త్రివేణి ఆ శాఖలో కాంట్రాక్టు లెక్చరర్. అంటే ఏటా ఏప్రిల్లో ఉద్యోగం పోతుంది, జూన్లో మళ్ళీ వస్తుంది. మధ్యలో మామిడిపళ్ళు కొనాలా వద్దా అన్నది ఆ ఇంట్లో పెద్ద చర్చ. ఈ ఏడు ప్రభుత్వం ఒక మంచి మాటా ఒక చెడ్డ మాటా కలిపి చెప్పింది. జూన్ నెలాఖరులోగా పిహెచ్‌డి గ్రంథం సమర్పించిన కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంటు చేస్తారట. సమర్పించని వాళ్ళని ఇంక పిలవరట. త్రివేణికి భయమేమీ వెయ్యలేదు. ఆమె గ్రంథం పూర్తయింది, బైండింగు కూడా అయింది, నీలం అట్ట మీద బంగారు అక్షరాలు కూడా పడ్డాయి: ‘సమకాలీన నవలలో మనోవ్యసనం: ఏటవాలు ఊరు – ఒక పరిశీలన.’

‘ఏటవాలు ఊరు’ అన్న నవల ఆ ఊళ్ళోనే ఉండే రామతులసి గారు రాసింది. అందులో గంగులు అనే తాపీమేస్త్రి ఉంటాడు. ఒకరోజు గోడ కడుతూ రసమట్టం పెట్టి చూస్తే అందులోని బుడగ మధ్యకి రాదు. గోడ పడగొట్టి మళ్ళీ కడతాడు. మళ్ళీ రాదు. లోపం గోడలో లేదు, ఊరే ఒక పక్కకి ఒరిగిపోతోందన్న ధ్యాస అతనికి పట్టుకుంటుంది. ఇంక అంతే. కనిపించిన ప్రతిదాని మీదా రసమట్టం పెడతాడు. పడుకున్న భార్య మంచం కోళ్ళ కింద ఇటుకముక్కలు పెడతాడు, పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకుని లేపి పీట సరిచేస్తాడు. భార్య పైడమ్మ విసిగి పుట్టింటికి పోతుంది. ఆఖరికి గంగులు, ఊరు ఎటు ఒరిగిందో పైనుంచి చూద్దామని నాలుగంతస్తుల మేడకి కట్టిన పరంజా ఎక్కి, అక్కణ్ణుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. ఒరిగింది ఊరా, గంగులా అన్నది రామతులసి గారు చెప్పలేదు.

ఏడేళ్ళు ఆ గంగులుతోనే కాపురం చేసింది త్రివేణి. ఆమె భర్త జోగారావు సబ్‌స్టేషన్లో ఆపరేటరు. పొద్దున్న కంచం ముందు కూర్చుంటూ, “మీ గంగులు తిన్నాడా? ఆయన తింటే నాకూ కాస్త పెట్టు” అనేవాడు. ఆమె నవ్వేది గానీ, నిజానికి ఆమెకి గంగులంటే చాలా ఇష్టం. తను కాంట్రాక్టు మనిషి. పాఠం చెబుతుంటే కాళ్ళ కింద నేల ఒరుగుతున్నట్టు ఉండడం ఆమెకి కొత్త సంగతి కాదు.

పైగా తెలుగు శాఖకి కొత్త భవనం కట్టారు. ఆమె బల్ల మీద పెన్ను పెడితే తూర్పుకి దొర్లి కింద పడుతుంది. అందరి బల్లల మీదా అంతే. అందరూ తూర్పు అంచున ఒక నిఘంటువు అడ్డం పెట్టుకుని పనులు చేసుకుంటున్నారు, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

ఉత్తర్వు పట్టుకుని ఆమె గైడు భానోజీరావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోదలచలేదు.

“నవలకి కూడా అనుమతి కావాలంటారా సార్?”

“ఏ శాఖలోనైనను అన్నాడు కదమ్మా. మన శాఖ శాఖ కాదా? వెళ్ళి ఓ దండం పెట్టేసి రా. సంతకం పారేస్తారు.”

దరఖాస్తుతో పాటు గ్రంథం కాపీ ఇచ్చి, పిలిచిన రోజున వెళ్ళేసరికి, కమిటీ గది బయట ఆమె కంటే ముందు ఒక జంతుశాస్త్రం విద్యార్థిని కూర్చుని ఉంది. ఎలుకల తోకల మీద ఆ పిల్ల పరిశోధన. లోపలికి వెళ్ళింది, త్రివేణి చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపు అనుమతి పత్రంతో బయటికి వచ్చేసింది. మనకీ ఇంతేలే అనుకుంటూ త్రివేణి లోపలికి వెళ్ళింది.

“పరిశోధనకు గురవుతున్న జీవి ఎవరు?” అన్నారు వైకుంఠరావు.

“గంగులు అండి. తాపీమేస్త్రి.”

“మనిషా, జంతువా?”

“మనిషేనండి. కాకపోతే నవలలో మనిషి.”

“నవలలో ఉంటారా, ఊళ్ళో ఉంటారా అన్నది నివాసానికి సంబంధించిన అంశం. దానికి వేరే గడి ఉన్నది. మనిషి అని రాసుకుంటున్నాను. మరి సదరు గంగులు గారి సమ్మతి జతపరచలేదే?”

“ఆయన లేరు కదండి.”

“కాలధర్మం చెందారా?”

“చనిపోవడానికి ఆయన అసలు పుట్టలేదు సార్.”

“పుట్టిన తేదీ అలభ్యం” అని వైకుంఠరావు రాసుకున్నారు.

అంతవరకూ ఊరుకున్న సన్యాసిరాజు గారు ముందుకి వంగారు. మనిషి మంచివాడు. ఆ మంచితనమే త్రివేణి కొంప ముంచింది.

“చూడమ్మా. నీ గ్రంథం నేను రెండు రాత్రులు మేలుకుని చదివాను. భార్యని నిద్రపోనివ్వలేదని రాశావు. పెళ్ళిలో తన్నులు తిన్నాడని రాశావు. భార్య వదిలేసి పోయిందని రాశావు. ఒక మనిషి సంసారం ఇలా బజార్న పెట్టి, ఇప్పుడు ఆ మనిషి లేడంటావేం? లేకపోతే ఏడేళ్ళు ఎవరి మీద పరిశోధన చేశావు?”

త్రివేణి చిక్కులో పడింది. గంగులు లేడంటే ఏడేళ్ళ పని అబద్ధం. ఉన్నాడంటే సమ్మతి ఏదీ అంటారు.

“ఇంకొక చిక్కు ఉన్నది” అన్నారు వైకుంఠరావు ఉత్సాహంగా. “తమ గ్రంథం ప్రకారమే సదరు వ్యక్తికి మతిస్థిమితం లేదు. మతిస్థిమితం లేనివారి సమ్మతి, ఇచ్చినను చెల్లదు. సంరక్షకులు ఇవ్వవలెను. ఆయన భార్య?”

“పుట్టింటికి వెళ్ళిపోయిందండి. పన్నెండో అధ్యాయంలో.”

“తరువాత?”

“తరువాత ఆవిడ ప్రస్తావన లేదండి.”

“ఆచూకీ తెలియరాలేదు” అని రాసుకుని, ఆయన కళ్ళజోడు తీశారు. “అటువంటప్పుడు ఆయన్ని ఈ లోకంలోకి తెచ్చినవారే సంరక్షకులు. ఆ రచయిత్రిని తీసుకురండి.”

రామతులసి గారికి మార్కెట్టు రోడ్డులో సిమెంటు, ఇనుప సామాన్ల దుకాణం ఉంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆవిడే నడుపుతోంది. మేస్త్రీలు మేకులు కొనుక్కుంటూ చెప్పిన కబుర్లు విని విని, బేరం లేని మధ్యాహ్నాల్లో నవల రాసింది. త్రివేణి చెప్పిందంతా ఆవిడ తూకం కాటా పక్కన కూర్చుని విన్నది.

“అలగైతే నేను వాడికి గార్డియన్నా?”

“అవునమ్మా. మీరొచ్చి ఒక్క సంతకం పెడితే నా ఉద్యోగం నిలబడుతుంది.”

“పెడతానులే పిల్లా, నీ మొహం చూస్తే జాలేస్తంది. కానీ వాడు నా మాట ఎప్పుడిన్నాడేటి? పరంజా ఎక్కొద్దని ఎంత బతిమాలేనో. మూడుసార్లు రాసి కొట్టేసేను. నాలుగోసారి నాకు చెప్పకుండా ఎక్కేసేడు.”

ఆవిడ దుకాణానికి తాళం వేసి, ఉతికిన చీర కట్టుకుని, చేసంచీ పట్టుకుని కమిటీ ముందుకి వచ్చింది. సంతకం పెట్టేసి పోదామన్నది ఆవిడ ఉద్దేశం. కమిటీ ఉద్దేశం వేరు. సన్యాసిరాజు గారు ఈలోపు నవల కూడా చదివేశారు, ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మా, ఈ గంగుల్ని మీరు నాలుగో అంతస్తు మీంచి పడేశారు.”

“నేను పడెయ్యలేదు బాబూ. పడ్డాడు.”

“మత్తు ఇచ్చారా?”

“ఎప్పుడు?”

“పడేసేముందు.”

రామతులసి గారు త్రివేణి వైపు చూసింది. త్రివేణి నేల వైపు చూసింది.

“మా దగ్గర ఎలుక తోక ముట్టుకోవాలన్నా ముందు మత్తు ఇవ్వాలమ్మా” అన్నారు సన్యాసిరాజు. “నొప్పి లేకుండా చూడాలి. పంజరం శుభ్రంగా ఉండాలి. జత ఎలుకని వేరు చెయ్యకూడదు. మీరేమో ఒక మనిషిని పెళ్ళాం నుంచి వేరు చేసి, ఊరంతా నవ్వేలా చేసి, కాలు విరగ్గొట్టి, ఆ కాలుతో ఆసుపత్రి మంచం మీద కూడా రసమట్టం పెట్టించి కథ ఆపేశారు. చికిత్స రాయలేదు. భోజనం ఏం పెట్టారో రాయలేదు. ఎలుకకి ఇలా చేస్తే నన్ను సస్పెండు చేస్తారు.”

తీర్మానం రాయడానికి వైకుంఠరావు గారికి ఎక్కువ సేపు పట్టలేదు. అట్టి సంరక్షకురాలి సంరక్షణ సంతృప్తికరముగా లేనందున ఆమె సంతకం చెల్లదు. సదరు గంగులు గారికి రచయిత్రి తన స్వంత ఖర్చుతో తగు చికిత్స చేయించవలెను. స్వస్థత చేకూరిన పిమ్మట గంగులు గారే స్వయంగా సమ్మతి తెలుపవలెను.

“సార్” అంది త్రివేణి, “ఆయనకి పిచ్చి నయమైపోతే మరి నా గ్రంథం దేని మీదండి?”

కమిటీలో అందరూ ఆమె వైపు అదోలా చూశారు. సన్యాసిరాజు గారు బాధపడ్డారు.

“ఒక మనిషి బాగుపడడం నీకిష్టం లేదా తల్లీ?”

బయటికి వచ్చాక త్రివేణి ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. రామతులసి గారు మాత్రం ఏదో ఆలోచనలో పడింది. “చిత్రంగా ఉందే” అంది చివరికి. “వాడికి నయమైతే ఎలగుంటాడో నేనెప్పుడూ అనుకోలేదు. రాసి చూత్తాను.”

“ఊఁ అనిపించండమ్మా. మిగతాదంతా మీ ఇష్టం. ఆఖర్న సరేనని ఒక్క మాట అనిపించండి చాలు.”

“చూత్తానులే.”

పదిరోజుల్లో ఆవిడ రాసి పంపింది. కమిటీ సమావేశంలో వైకుంఠరావు గారు లేచి నిలబడి, బడ్జెట్టు చదివినట్టు చదివారు. గంగులుకి నయమైంది. మందులు పనిచేశాయి. రసమట్టం ఎత్తి అటక మీద పడేశాడు. పైడమ్మ తిరిగొచ్చి, మంచం నాలుగు కోళ్ళూ నేల మీద ఆనడం చూసి, ఏడ్చి, వంకాయ కూర వండింది. సన్యాసిరాజు గారు జేబురుమాలు తీశారు. తరువాత ఒకనాడు విశ్వవిద్యాలయం నుంచి ఒకావిడ వచ్చి, నీ పిచ్చి గురించి రాసుకోవచ్చా అని గంగుల్ని అడిగింది. త్రివేణి కుర్చీ అంచుకి జరిగింది. వైకుంఠరావు గొంతు సవరించుకుని గంగులు జవాబు చదివారు.

“వద్దమ్మా. ఏమీ అనుకోకు. ఇప్పుడిప్పుడే మళ్ళీ పనికి పిలుస్తన్నారు. పిచ్చి మేస్త్రని నువ్వు పుస్తకం రాసేస్తే నాచేత ఇల్లెవరు కట్టిస్తారు? టీ తాగి ఎల్లు.”

ఇంతవరకు ఆ కమిటీ ముందు ఏ జీవీ వద్దు అని అనలేదు. కమిటీ ఉన్నదెందుకో ఆ క్షణాన అందరికీ తెలిసొచ్చింది. సన్యాసిరాజు గారు లేచి నిలబడ్డారు, ఆయన్ని చూసి మిగతావాళ్ళు కూడా నిలబడ్డారు. గంగులు గారి నిరాకరణను సగౌరవంగా స్వీకరిస్తూ, ఆయన అభీష్టానికి విరుద్ధంగా సదరు గ్రంథాన్ని ఇప్పుడుగానీ ఇకముందుగానీ స్వీకరించరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వరండాలో టీ ఇచ్చారు.

త్రివేణి ఆ టీ ముట్టలేదు. బస్సెక్కి నేరుగా దుకాణానికి వెళ్ళింది.

“ఒక్క మాటే కదమ్మా అడిగాను. సరే అని ఒక్క మాట. మీ చేతిలో పని.”

రామతులసి గారి మొహం కూడా వాడిపోయి ఉంది. “రాసేను పిల్లా. నీ మీదొట్టు, సరే అనే రాసేను. రాసింది చదువుకుంటే అబద్ధంలా ఉంది. బాగుపడ్డోడు తన పిచ్చి గురించి రాసుకోమని ఎవడంటాడు చెప్పు? నువ్వైతే అంటావేటి?”

“నాకు ఉద్యోగం పోతుందమ్మా.”

“తెలుసు” అంది ఆవిడ.

ఆ సాయంత్రం త్రివేణి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. గోడకి జారగిలబడి కూర్చుని ఏడ్చింది. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెక్కడా దరఖాస్తు పెట్టడానికి కూడా లేదు. ఏడేళ్ళు తన గురించి రాసిన మనిషిని గంగులు టీ ఇచ్చి పంపించేశాడన్నది ఒకటి, దానికితోడు. జోగారావు హోటల్నుంచి ఇడ్లీ పొట్లాం కట్టించుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు, వేళాకోళం ఒక్కటే చేతనవును.

“నీ గంగులు మనిషై పుట్టడమే తప్పయింది త్రివేణీ. ఏ ఎలుకో అయ్యుంటే నువ్వీపాటికి డాక్టరమ్మవి.”

త్రివేణి ఏడుపు ఆగిపోయింది. కమిటీ గది బయట కూర్చున్న ఎలుక తోకల పిల్ల గుర్తొచ్చింది. ఇడ్లీ తింటూ ఆలోచించింది. చేతులు కడుక్కునేసరికి నిర్ణయం అయిపోయింది.

మర్నాడు కొత్త దరఖాస్తు పెట్టింది. వైకుంఠరావు గారు కనుబొమ్మలు ఎత్తారు.

“గంగులు. ఎలుక. లోగడ మనిషి అని తెలిపియున్నారే?”

“పొరపాటండి.”

“పొరపాటు దిద్దుకొనుట హర్షణీయం. ఆహారం?”

“శనగలండి.”

“నివాసం?”

“తెలుగు శాఖ.”

“సమ్మతి అక్కరలేదు. పంజరం గాలి తగిలేట్టు ఉండవలెను” అని ఆయన ముద్ర కొట్టేశారు. ఏ మనిషి కోసం త్రివేణి ఏడేళ్ళు రాత్రీ పగలూ రాసిందో ఆ మనిషిని తన చేత్తోనే ఎలుకని చేసేసింది. సంతోషంగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. బస్టాపు దాకా తల దించుకునే నడిచింది.

అనుమతికి తగ్గట్టు గ్రంథం దిద్దాలన్నారు. దిద్దింది. ‘ఎలుక గంగులు రసమట్టం చేతబట్టి పెళ్ళిపందిట్లో ప్రవేశించెను’ లాంటి వాక్యాలు తయారయ్యాయి. భానోజీరావు గారు ఒక పేజీ తిరగేసి, “జంతుపాత్రలు మన సాహిత్యానికి కొత్తేమీ కాదమ్మా” అని సంతకం పెట్టారు. మళ్ళీ బైండింగు, మళ్ళీ బంగారు అక్షరాలు. కాపీలు సమర్పించి ఆమె రసీదు తెచ్చుకుంది. తన కాపీ ఒక్కటి బల్ల మీద పెట్టుకుంది, తూర్పున, నిఘంటువుకి బదులుగా.

అంతటితో అయిపోయిందనుకుంది. కానీ అనుమతి పొందిన ప్రతి జంతువునీ బృందానికి చూపించాలని రూలు ఉంది. వైకుంఠరావు గారు కబురు పెట్టారు: గంగులు గారిని సిద్ధంగా ఉంచండి. సన్యాసిరాజు గారే స్వయంగా ఒక తెల్లెలుకని పంజరంతో సహా తెచ్చి త్రివేణి బల్ల మీద పెట్టారు, దానికి పేరు చీటీ కూడా అంటించారు. ఎలుక అటూ ఇటూ చూసి, జరజరా జారినట్టు వెళ్ళి తూర్పు మూల కూర్చుంది. ఎన్నిసార్లు పశ్చిమానికి తెచ్చి పెట్టినా, మళ్ళీ తూర్పు మూలకే చేరింది.

బృందం వచ్చింది. తెలుగు శాఖలో ఎప్పుడూ పుస్తకాలూ నిద్రపోయే విద్యార్థులూ తప్ప ఏమీ కనిపించని వాళ్ళకి పంజరం కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

“సాహిత్య శాఖలో జంతు ప్రయోగమా?” అన్నాడు బృందం పెద్ద. “ఏం పరీక్షిస్తున్నారు?”

“మనోవ్యసనం అండి” అన్నారు సన్యాసిరాజు, త్రివేణి నోరు విప్పేలోగా. “చూడండి, ఎటు పెట్టినా ఆ మూలకే పోతుంది. ఒకటే ధ్యాస. నవలలో ఏదైతే ఉందో అదే ఇక్కడ ఋజువైంది.”

బృందం పెద్ద ఎలుకని నాలుగుసార్లు పశ్చిమానికి పెట్టి చూశాడు. అది నాలుగుసార్లూ తూర్పుకి పోయింది. ఆయన తల పంకించి రాసుకున్నాడు. త్రివేణి మాత్రం పంజరంలోని నీళ్ళగిన్నె చూస్తోంది. నీళ్ళు ఒక పక్క అంచు దాకా ఉన్నాయి, రెండో పక్క గిన్నె అడుగు కనిపిస్తోంది. సార్, ఎలుకకి ఏమీ లేదు, భవనమే ఒరిగింది అని చెప్పాలనిపించింది ఆమెకి. గొంతు దాకా వచ్చింది. పర్మనెంటు ఆర్డరు ఇంకా చేతికి రాలేదని గుర్తొచ్చి మింగేసింది.

విశ్వవిద్యాలయానికి కోరుకున్న గ్రేడు వచ్చింది. బృందం నివేదికలో తెలుగు శాఖని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ మెప్పు నిలబెట్టుకోవాలి కాబట్టి ఆ గదిని సాహిత్య జంతు ప్రయోగశాలగా మార్చారు, ఇంకో పాతిక పంజరాలు తెచ్చి బల్లల మీద పెట్టారు. త్రివేణికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అందులో తెలుగు లెక్చరర్ అని లేదు. సమర్పించిన గ్రంథం స్వభావాన్ని పరిశీలించిన మీదట ఆమెను సదరు ప్రయోగశాల పర్యవేక్షకురాలిగా నియమించడమైనదని ఉంది. ఆమె పాఠాలు ఇంకో కాంట్రాక్టు అమ్మాయికి ఇచ్చారు. పని పంజరాలు కడిగించడం, శనగలు వేయించడం. జీతం బాగుంది, పింఛను కూడా ఉంది. జోగారావు ఆ సంవత్సరం మామిడిపళ్ళు బుట్టతో కొన్నాడు.

ఒక మధ్యాహ్నం రామతులసి గారు చేసంచీతో వచ్చింది. కుశలప్రశ్నలు అయ్యాక, “గంగులేడి?” అంది.

త్రివేణి కిటికీ పక్క పంజరం చూపించింది. తూర్పు మూల ముడుచుకు కూర్చున్న ఎలుకని ఆవిడ చాలాసేపు చూసింది.

“తప్పు చేశానమ్మా” అంది త్రివేణి. “మీ గంగుల్ని అడక్కుండా ఎలుకని చేసేశాను.”

“వద్దన్నాడు కదా మరి, ఇంకేటి చేస్తావు.” ఆవిడ పంజరం ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. “అయితే, ఇక్కడికి వస్తావా అని నిన్నెవరైనా అడిగేరా?”

“లేదమ్మా. ఆర్డరొచ్చింది.”

“పాఠాలు?”

త్రివేణి కళ్ళు తుడుచుకుని నవ్వడానికి ప్రయత్నించింది.

రామతులసి గారు సంచీలో చెయ్యి పెట్టి, దుకాణంలోంచి తెచ్చిన రసమట్టం తీసింది. పంజరం మీద పెట్టింది. బుడగ పశ్చిమపు చివరికి పోయి ఆగింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చుట్టూ చూసి, బల్ల మీద ఉన్న నీలం అట్ట గ్రంథం తీసి, పంజరం తూర్పు పక్కన ఎత్తి, దాని కింద దూర్చింది. బుడగ జరుగుతూ జరుగుతూ వచ్చి మధ్యలో నిలబడింది. ఎలుక ఒక నిమిషం కదల్లేదు. తరువాత మెల్లగా లేచి, పంజరం నడిమధ్యకి వచ్చి, కాళ్ళు చాపుకుని పడుకుంది.

“ఇంకో కాపీ ఉందేటి?” అంది ఆవిడ, త్రివేణి కూర్చున్న కుర్చీ వైపు చూస్తూ.

“లేదమ్మా. మిగతావన్నీ సమర్పించేశాను.”

అటెండరు శనగల బస్తా వచ్చిందని సంతకానికి పుస్తకం తెచ్చాడు. త్రివేణి, కుర్చీ జారకుండా ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని, కుడిచేత్తో సంతకం పెట్టింది.